పక్కింటి అక్క కట్టిన గంతలు

నా చిన్నప్పుడు ఇంగ్లీషు నాకు కళ్లతోనే వచ్చు, చెవులతో రాదు. చిక్కపేటలో బట్టల అంగడి నడిపే మా నాయనకు ఆ తేడా తెలియదు. కూతురు పుస్తకం గడగడా చదివితే భాష వచ్చేసినట్టే అనుకున్నాడు. అలా అనుకునే తండ్రులు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లతో నేను పోట్లాడుతూనే ఉన్నాను.

యుద్ధం రోజులు. అమ్మకు విషజ్వరం వస్తే ఊరి చివర అంటురోగాల ఆసుపత్రిలో పెట్టారు. లోపలికి ఎవరినీ పోనిచ్చేవారు కాదు. పొద్దున్నే ఒక దొరసాని నర్సు గేటు దగ్గరికి వచ్చి, ఏ రోగి ఎలా ఉన్నదీ ఇంగ్లీషులో చెప్పి వెళ్లిపోయేది. మొదటి రోజు ఆమె మాటల్లో నా పుస్తకంలోని మాట కోసం వెతుక్కున్నాను. ఒక్కటీ దొరకలేదు.

"ఏం చెప్పిందమ్మా?" అన్నాడు నాయన.

"బాగుండాదంట నాయనా."

రెండో రోజూ, మూడో రోజూ అదే చెప్పాను. గేటు దగ్గర గుంపు మాత్రం రోజురోజుకూ పలచబడుతోంది.

పక్కింటి అక్క తెల్ల సైన్యం ఉండే దండులో దొరల ఇంట ఆయా. ఒక్క అక్షరం రాదు, ఇంగ్లీషు మాత్రం ధారాళంగా మాట్లాడేది. ఆ సాయంత్రం నా మొహం చూసే పట్టేసింది. "నర్సమ్మ ఏమనిందే? నీ మాట కాదు, ఆయమ్మ మాట చెప్పు." ఒక్క ముక్కా అర్థం కాలేదని ఒప్పుకున్నాను. కొడుతుందనుకున్నాను. నా పుస్తకం లాక్కుని అటక మీద పడేసి, పాత చీర పీలికతో కళ్లకు గంతలు కట్టింది. నర్సులాగే తొందర తొందరగా మాట్లాడి, నాచేత అలాగే అనిపించి, తర్వాతే అర్థం చెప్పింది. గంతల వెనకా నాకు అక్షరాలే కనిపించేవి. నేను తడుముకున్నప్పుడల్లా నెత్తిన మొట్టింది.

"మళ్లా చదవతా ఉండావా? ముందు వినవే!"

"తగ్గిందనే మాట నేర్పక్కా, చాలు," అన్నాను.

అక్క గంతల ముడి ఇంకాస్త బిగించింది. "తగ్గిందనేదీ, ఇంక తగ్గదనేదీ, రెండూ నేర్చుకో పాపా," అంది.

మర్నాడు గేటు దగ్గర కళ్లు మూసుకున్నాను. అక్క చెప్పిన ఆ రెండోదే వినిపించింది. ఇంటివాళ్లు ఒకరు లోపలికి రావచ్చని నిన్ననే చెప్పాను కదా అని కూడా నర్సు అంది. నాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను, నా అబద్ధంతో సహా. ఆయన లోపలికి పరుగెత్తాడు. అమ్మకు సాయంత్రం దాకా ఊపిరి ఉంది.

తర్వాత కాలేజీ చదువూ చదివాను, వాదనలో ఎవరికీ తగ్గను. కానీ ఎవరైనా ముఖ్యమైన మాట చెప్పబోతే కళ్లు మూసుకుంటాను. పొగరంటారు. అననీండి. నాయన గేటు బయటే నిలబడిపోయిన ఆ ఒక్క రోజు వాళ్లకేం తెలుసు?