ఖాళీ కొట్టు ముందు గెంపాచి గారు

సకుమా గెంపాచి గారు ఎక్కడికి వెళ్ళినా వరుసలో నిలబడతారు. వరుస లేనిచోట తామొక్కరే వరుసగా నిలబడతారు. ఇది అలవాటు కాదు, జబ్బు అని ఆయన చెల్లెలు తోయోకో ఏనాడో తేల్చేసింది. ఉద్యోగజీవితమంతా నగోయాలో ప్లాట్‌ఫారం మీద జనాన్ని గీత వెనక నిలబెట్టిన మనిషి, పదవీ విరమణ నాడు టోపీ, ఈల తిరిగి అప్పగించి, గీతను మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడని ఆమె ఫిర్యాదు.

ఒకసారి పోస్టాఫీసులో నరపురుగు లేదు. గెంపాచి గారు కిటికీకి ఆమడ దూరంలో నిటారుగా నిలబడ్డారు.

"రండి తాతగారూ," అంది గుమాస్తా పిల్ల.

"ముందువాళ్ళ పని ముగించండమ్మా."

"ముందెవరూ లేరండీ!"

"లేరని నిర్ధారణ చేసుకుని పిలవండి. వస్తాను."

ఆ పిల్ల లేచి, నాలుగు మూలలూ చూసి, మళ్ళీ కూర్చుని పిలిచింది. తోయోకో సిగ్గుతో గోడమీది తపాలా బిళ్ళల బొమ్మలు చూస్తూ ఉండిపోయింది.

ఇంకోసారి ఒక నూడుల్సు కొట్టు గుమ్మంలో, గడ్డి టోపీ పెట్టుకుని పొట్ట ముందుకు పెట్టిన, తనుకి అనే అడవి జంతువు పింగాణీ బొమ్మ వెనక ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. "అన్నయ్యా, అది బొమ్మ!" అంది తోయోకో. "అయితే ఏం? నాకంటే ముందొచ్చింది," అన్నారాయన. ఇక సెలూను సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన తలమీద వెంట్రుక అనే పదార్థం పాత చక్రవర్తి షోవా శకంతోపాటే ముగిసిపోయింది. అయినా నెలకోసారి వీధి చివరి సెలూను ముందు, లోపల కుర్చీలన్నీ ఖాళీగా ఉండగా, బయట నిలబడి తన వంతుకోసం ఎదురుచూస్తారు. దారినపోయేవాళ్ళు ఆ తలవైపూ ఆ సెలూనువైపూ మార్చి మార్చి చూసేవారు.

ఇలాంటి అన్నయ్యను వెంటబెట్టుకుని ఇనుయామా వెళ్ళాలని తోయోకో కలలో కూడా అనుకోలేదు. ఆమె ఒంటరిగానే వెళ్ళవలసిన పని అది. చిన్ననాటి స్నేహితురాలు ఫుసాయే ఫోన్ చేసింది. ఇనుయామా కోట కింది సందులో, సోయాపాల టోఫూ ముక్కలను వెదురు పుల్లలకు గుచ్చి, పులియబెట్టిన సోయా ముద్ద మిసో పూసి, బొగ్గుల మీద కాల్చి పెట్టే కొట్టు ఫుసాయేది. అత్తగారి చేతినుంచి ఆమె చేతికి వచ్చిన నిప్పు అది.

"ఈ ఆదివారం కూడా టోఫూ తొట్టిలో మిగిలిపోతే, సోమవారంనుంచి పొయ్యి రాజెయ్యనే తోయో. ఇల్లుగలాయన ఐస్‌క్రీం వాళ్ళకి మాటిచ్చేస్తానంటున్నాడు. చివరిసారి వచ్చి తినిపో."

ఆ మాట విన్నప్పటినుంచి తోయోకో ఆ ఊరినే తిట్టుకుంటోంది. అదే ఊళ్ళో కోటకు వెళ్ళే పెద్దవీధిలో ఆదివారంనాడు ఇసుక వేస్తే రాలదు. గులాబీ రంగు, పచ్చ రంగు బియ్యప్పిండి ఉండలు గుచ్చిన పుల్లలను జనం కోటకు ఎదురుగా ఎత్తిపట్టి ఫోటో తీస్తారు. ఒక్క ముక్క కొరికి, మిగతాది పారెయ్యడానికి చెత్తడబ్బా ఎక్కడుందా అని వెతుకుతారు. ఆ వీధినుంచి ఒక్క మలుపు తిరిగితే ఫుసాయే కొట్టు. ఆ మలుపు తిరిగేవాడు లేడు. బొగ్గుమీద కాలే మిసో వాసన ఆ మూలదాకా వచ్చి, ఎవరి ముక్కుకూ అక్కరలేక, తిరిగి వెళ్ళిపోతోంది.

"నేనూ వస్తాను," అన్నారు గెంపాచి గారు.

"ఎందుకు?"

"తినడానికి."

"నువ్వు తినవు, నిలబడతావు."

"నిలబడ్డవాడే తింటాడు," అని ఆయన బూట్లు తొడుక్కున్నారు.

వాళ్ళు వెళ్ళేసరికి ఫుసాయే బొగ్గులకు విసురుతోంది. తొట్టినిండా చన్నీళ్ళలో తెల్లగా టోఫూ. బల్లలన్నీ ఖాళీ. తోయోకో గుమ్మానికి వేలాడే గుడ్డ ఎత్తి లోపల అడుగు పెట్టబోతుండగా ఎవరో చొక్కా చేయి పట్టి లాగారు.

"ఆగు. క్యూలో ఉన్నాం."

"ఎవరి క్యూ? ఎక్కడి క్యూ? అన్నయ్యా, ఈ ఒక్కరోజు నన్ను వదిలెయ్!"

మాటలు విని ఫుసాయే బయటికి వచ్చింది. "రండి అన్నయ్య గారూ! లోపల ఈగైనా లేదు."

"తీరిగ్గా పిలవండమ్మా. మేం ఇక్కడే ఉంటాం."

"తీరిగ్గా ఏమిటండీ! నాకిక్కడ తీరిక తప్ప ఇంకేముంది?"

నవ్వబోయింది కాని నవ్వు రాలేదు. విసనకర్ర పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. తోయోకోకు ఒళ్ళు మండిపోయింది. "చచ్చిపోతున్న కొట్టు ముందు నిలబడి వెక్కిరిస్తున్నావు. దాని మొహం చూశావా? నీకు మనసనేది ఉందా?"

"గట్టిగా మాట్లాడకు. క్యూలో మర్యాద ఉండాలి," అన్నారు గెంపాచి గారు.

కిసో నదివైపునుంచి గాలి కోస్తోంది. కోపంతో తోయోకో అక్కడే నిలబడిపోయింది. కాసేపటికి సందు మొదట్లో చేతుల్లో రంగు ఉండలతో ఒక జంట ఆగింది.

"ఏయ్, అక్కడ క్యూ ఉంది చూడు."

"ఏం అమ్ముతున్నారో?"

"ఏమో. కానీ ముసలివాళ్ళు చలిలో నిలబడ్డారంటే అసలు సరుకే అయ్యుంటుంది."

వాళ్ళు వచ్చి వెనక నిలబడ్డారు. అమ్మాయి వినయంగా అడిగింది: "ఎంతసేపు పట్టొచ్చండీ?"

గెంపాచి గారు విచారంగా తల ఊపారు. "ఏం చెప్పనమ్మా. మీదాకా అందుతుందో లేదో."

అంతే. అమ్మాయి ఫోన్ తీసింది. "ఏయ్, ఎక్కడున్నారు? ఇక్కడ అందుతుందో లేదోట! పరుగెత్తుకు రండి!"

ఆ తర్వాత జరిగినది నమ్మదగినది కాదు. ఆ ఊరి ఆదివారాలు ఎరిగినవాళ్ళు మాత్రం నమ్ముతారు. నలుగురు వచ్చారు; నలుగురిని చూసి పదిమంది వచ్చారు. "ఇక్కడ ఏం దొరుకుతుందండీ?" అని వెనకవాడు అడిగితే, "తెలీదండీ, నేనూ ఇప్పుడే నిలబడ్డాను," అని ముందువాడు జవాబిచ్చాడు. బారు మలుపు తిరిగి పెద్దవీధిలోకి పాకింది. గెంపాచి గారి గొంతులోంచి పాత ప్లాట్‌ఫారం లేచింది: "గోడవారగా! దయచేసి గోడవారగా! పక్కింటివారి గుమ్మం వదలండి!"

ఫుసాయే బయటికి తొంగిచూసి, విసనకర్ర జారవిడిచి, "తోయో, ఏమిటే ఇది! ఎవరైనా పోయారా?" అంది.

"నువ్వు వంటింట్లోకి వెళ్ళు," అన్నారు గెంపాచి గారు చెల్లెలితో. "ఆవిడ ఒక్కర్తే అన్ని పుల్లలు తిప్పలేదు." వెనకనున్న జంటకు దారి ఇచ్చి, "చిన్నవాళ్ళు, ఆకలిమీద ఉంటారు. పదండి," అన్నారు.

తోయోకో పొగలో కళ్ళు నులుముకుంటూ పుల్లలు తిప్పింది. కిటికీలోంచి చూస్తే అన్నయ్య బోడితల బారు చివర కనిపించింది. మరి కాసేపటికి అది గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి వస్తాడనుకుంటే, తన చోటు వెనకవాళ్ళకు వదిలి, మళ్ళీ చివరికి వెళ్ళి నిలబడ్డాడు. ఎప్పుడు చూసినా బారు తోక దగ్గర ఆ తల ఉంది. తోక తెగనివ్వకుండా కాపలా కాస్తోంది. తోయోకో చేతిలో పుల్ల మాడిపోయింది. ఇన్నేళ్ళుగా ఆయన ఏయే ఖాళీ గుమ్మాల ముందు నిలబడ్డాడో ఒక్కొక్కటీ గుర్తుకొచ్చి, ఆమె పొగను నిందిస్తూ ముక్కు తుడుచుకుంది.

బల్ల దగ్గర మొదటి జంటలోని అమ్మాయి ఫోటోకోసం ఫోన్ ఎత్తి, ముందు ఒక ముక్క కొరికింది. ఫోన్ బల్లమీద పెట్టేసింది. "ఇంకో రెండు ఇవ్వండి పిన్నిగారూ," అంది నోరు నిండా ఉండగానే.

సాయంత్రం కాకముందే తొట్టిలో నీళ్ళే మిగిలాయి. జనం వెళ్ళాక తోయోకో బయటికి వచ్చి, "నీ బుద్ధి ఇప్పుడు తెలిసింది. సంతోషమేనా?" అంది.

"సంతోషమా?" గెంపాచి గారి ముఖంలో నవ్వు లేదు. "ఆవిడ ఇన్నేళ్ళు నిప్పు ముందు నిలబడింది. ఎవరికీ కనబడలేదు. నేను కాసేపు వీపు చూపించి నిలబడ్డాను, ఊరంతా వచ్చింది. వీళ్ళ నాలుకలు వీళ్ళ నోళ్ళలో లేవే. ముందున్నవాడి వీపుమీద ఉన్నాయి. దీనికి సంతోషించమంటావా?"

ఫుసాయే గుమ్మంలో కూలబడి మోకాళ్ళు పట్టుకుంది. "తోయో, రేపు తెల్లారగానే టోఫూ తెప్పించాలే. వచ్చే ఆదివారానికి రెట్టింపు. కానీ నీకు దణ్ణం పెడతాను, మీ అన్నయ్యని మాత్రం తీసుకురాకు. నా మోకాళ్ళు పోయాయి!"

"నా వంతుకు ఏమైనా మిగిలిందా అమ్మా?" అన్నారు గెంపాచి గారు.

"పుల్లలు మిగిలాయి అన్నయ్య గారూ."

"బాగుంది," అని ఆయన ఎంతో తృప్తిగా తలవంచి నమస్కరించారు.

అన్నాచెల్లెళ్ళు ఖాళీ కడుపులతో స్టేషనుకు బయలుదేరారు. దారిలో ఒక ఊరగాయల కొట్టు. చెక్క తొట్ల మధ్య ముసలాయన కునుకుతున్నాడు. లోపల ఎవరూ లేరు. గెంపాచి గారు ఆగారు. గుమ్మానికి మర్యాదైన దూరంలో నిటారుగా నిలబడ్డారు.

"అన్నయ్యా, రైలు వెళ్ళిపోతుంది!"

"ఇంకోటి వస్తుంది."

తోయోకో రైలును తిట్టింది, గాలిని తిట్టింది, ఒకే కడుపున పుట్టినందుకు తనను తాను తిట్టుకుంది. తిట్టడం ముగిశాక వెళ్ళి ఆయన వెనక నిలబడింది.

గెంపాచి గారు వెనక్కి తిరగకుండానే అన్నారు: "కాస్త ఎడంగా నిలబడు. దూరంనుంచి చూస్తే ఒక్కరే అనుకుంటారు."