ముందూ వెనకా కోసేసిన మాట

2024, ఆంధ్రాలో ఎన్నికలు జరుగుతున్న రోజులు. అప్పుడు నేను మస్కట్‌లో ఒక ప్రైవేటు డయాలిసిస్ సెంటర్‌లో స్టాఫ్ నర్సుని. కిడ్నీలు పాడైనవాళ్ళకి వాటి పనిని మెషిన్ చేస్తుంది. రక్తాన్ని బయటికి లాగి, శుభ్రం చేసి, మళ్ళీ ఒంట్లోకి పంపుతుంది. వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు. సూదులు గుచ్చిన చెయ్యి కదపకూడదు. అంతసేపూ పేషెంటు చేతిలో ఉండేవి రెండో చెయ్యీ, నోరూ.

మా ఉదయం షిఫ్టులో పక్కపక్క కుర్చీల్లో ఇద్దరు తెలుగువాళ్ళు ఉండేవారు. రత్నం గారిది కాకినాడ దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళు సైట్లలో క్రేన్ నడిపారు. జబ్బు చేశాక కంపెనీ ఆయన్ని స్టోర్ డ్యూటీకి మార్చింది. ప్రసాద్ గారిది గుంటూరు, మస్కట్‌లోనే మత్రా బజారులో ఒక ట్రేడింగ్ ఆఫీసులో మేనేజరు. ఇద్దరిదీ చెరో పార్టీ. ఎవరిది ఏదో రాయను, రాస్తే చదివేవాళ్ళలో సగం మంది ఇక్కడే ఆపేస్తారు. ఒకటి మాత్రం చెప్పాలి. ప్రసాద్ గారి పార్టీయే నాదీ.

సూదులు పెట్టగానే వాళ్ళ వాదన మొదలయ్యేది. రత్నం గారిది ఒక పద్ధతి. జవాబు ఇచ్చేముందు అవతలివాళ్ళ మాటని తన నోటితో చెప్పి, "మీరనేది ఇదేనా?" అని అడిగేవారు. ఎందుకలా అని ఒకసారి అడిగాను. క్రేన్‌లో కూర్చున్నవాడికి కింద ఏముందో సరిగ్గా కనపడదట. కిందివాడు వాకీటాకీలో చెప్పింది తిరిగి చెప్పి, అతను అవునన్నాకే బరువు కదుపుతారట. మాకూ అలాంటిదే ఉంది, రీడ్‌బ్యాక్ అంటాం. డాక్టరు ఫోన్లో మందు చెబితే పేరూ, మోతాదూ తిరిగి చదివి వినిపించాకే ఇస్తాం.

ఒక ఆదివారం వాదన గట్టిగా సాగింది. పక్క మెషిన్ అలారం చూస్తూ అంతా వింటూనే ఉన్నాను. రత్నం గారు తన అలవాటు ప్రకారం, "మీరనేది ఇదీ. మావాళ్ళు పేదల పేరు చెప్పి జనాన్ని మోసం చేశారు, ఒక్క పనీ చేయలేదు. ఇదేగా?" అన్నారు. ప్రసాద్ గారు అవునన్నారు. అప్పుడు రత్నం గారు తన జవాబు చెప్పారు. వాళ్ళ అమ్మకి కంటి ఆపరేషన్ ఎలా జరిగిందో చెప్పారు, ఊరి రోడ్డు సగంలో ఆగిపోయిన మాటా దాచలేదు. ప్రసాద్ గారి ఖాళీ చేతిలో ఫోను ఉంది. మెసేజీలు చూసుకుంటున్నారనుకున్నాను.

మర్నాడు ఆ వాదన వీడియోగా మస్కట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. "మీరనేది ఇదీ" లేదు, "ఇదేగా" లేదు. మధ్య ముక్క ఒక్కటే ఉంది. "మావాళ్ళు పేదల పేరు చెప్పి జనాన్ని మోసం చేశారు, ఒక్క పనీ చేయలేదు" అని రత్నం గారే చెబుతున్నట్టుంది. కింద, సొంత పార్టీవాడే ఒప్పుకున్నాడు అని రాశారు.

చూడగానే నాకు తెలిసిపోయింది. అయినా నవ్వే బొమ్మ పెట్టి మా నర్సుల గ్రూపుకీ, ఊళ్ళో చుట్టాలకీ పంపాను. మనవాళ్ళకి పనికొచ్చేదే కదా అనుకున్నాను. అది మా పేషెంటు వీడియో అన్న ఆలోచన కూడా రాలేదు.

మంగళవారం రత్నం గారు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. గురువారమూ కుర్చీ ఖాళీ. భయం వేసి ప్రసాద్ గారిని అడిగాను, ఆ వీడియో అలా ఎందుకు కోశారని. ఆయన తొణకలేదు.

"అబద్ధం ఏముంది సిస్టర్? నేను ఒక్క మాటైనా కలిపానా? అన్నీ ఆయన నోటి నుంచి వచ్చినవే."

ఏం చెప్పాలో నాకు తెలుసు. కానీ అదే వీడియో నా ఫోన్లోంచి కూడా వెళ్ళింది. ఛార్టులో ఆయన బీపీ రాసుకుని పక్క పేషెంటు దగ్గరికి వెళ్ళిపోయాను.

శనివారం పొద్దున్నే రత్నం గారిని రూమ్‌వాళ్ళు ఎత్తుకొచ్చారు. ముఖం ఉబ్బిపోయింది, పడుకుంటే ఊపిరి అందడం లేదు. ఆరు రోజులు డయాలిసిస్ లేక రక్తంలో పొటాషియం పెరిగిపోయింది. అది హద్దు దాటితే గుండె ఆగిపోతుంది. డాక్టరు వెంటనే మెషిన్ మీద పెట్టించారు. మొదటి గంట నేను ఆయన పక్కనుంచి కదల్లేదు.

ఊపిరి తేలికపడ్డాక ఆయనే చెప్పారు. రూమ్‌లో అమ్ముడుపోయావని ఎగతాళి చేశారట. ఊళ్ళో పార్టీ పనుల్లో తిరిగే అన్నయ్య ఫోన్ చేసి, నా తమ్ముడినని ఎక్కడా చెప్పకు అన్నాడట. ఆ తర్వాత ఆ కుర్చీలో వచ్చి కూర్చోబుద్ధి కాలేదట. "అన్నయ్య విన్నది నా గొంతే కదా సిస్టర్. నేను కాదని ఎలా చెప్పను?"

నేనూ పంపానని చెప్పేశాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. తెరవకుండానే, "మీరు అక్కడే ఉన్నారు కదా, మొత్తం విన్నారు," అన్నారు.

ఆ రోజే మా ఇన్‌ఛార్జి సల్మా దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆమె ఒమానీ, ఎప్పుడూ గొంతు పెంచదు. నా ఫైల్లో వార్నింగ్ రాసింది. సూదులు పెట్టే హాల్లో వీడియోలు తీయకూడదని బోర్డు పెట్టించింది. చివరికి ఒక్క ప్రశ్న అడిగింది, అతను చనిపోయి ఉంటే ఈ మాట నాకు చెప్పేదానివా అని.

రత్నం గారి అనుమతి తీసుకుని, నేను పంపిన గ్రూపులన్నిటిలో వాయిస్ మెసేజ్ పెట్టాను. ఆ మాట ప్రసాద్ గారి వాదన అనీ, రత్నం గారు దాన్ని తిరిగి చెప్పారంతే అనీ, అది తెలిసే నేను వీడియో పంపాననీ చెప్పాను. నువ్వూ అటు మారిపోయావా అని కొందరు అడిగారు. చాలామంది వినలేదు. వీడియో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

తర్వాతి డయాలిసిస్ రోజు రత్నం గారి అన్నయ్యకి వీడియో కాల్ చేయించి, జరిగిందంతా నేనే వివరించాను. ఆయన ఓపిగ్గా విన్నారు. విన్నాక అడిగారు.

"మీది ఏ పార్టీ అమ్మా?"

చెప్పాను.

"అయితే నమ్ముతాను. ఫోన్ తమ్ముడికివ్వండి."

నేను పక్కకి వచ్చేశాను. కర్టెన్ వెనక రత్నం గారు, భోంచేశావా అని అన్నయ్యని అడగడం వినిపించింది.

ప్రసాద్ గారు తనంతట తానే సాయంత్రం షిఫ్టుకి మారిపోయారు. గ్రూపులోంచి వీడియో తీసేశాననీ, అతను రావడం మానేస్తాడని అనుకోలేదనీ తర్వాతెప్పుడో నాతో అన్నారు. రత్నం గారితో ఆ మాట అన్నారో లేదో తెలియదు.

ఎన్నికలు అయిపోయాయి. నా పార్టీ ఇప్పటికీ అదే. అంతకుముందు, అబద్ధాలన్నీ అవతలి పక్షంవాళ్ళే పుట్టిస్తారనీ, మనవాళ్ళు పంపితే అమాయకంగా నమ్మి పంపుతారనీ అనుకునేదాన్ని. ఆ రోజు నన్ను ఎవరూ మోసం చేయలేదు. మాట మొత్తం నా చెవులతో విన్నాను. ముక్క నచ్చింది కాబట్టి ముక్కే పంపాను.