అత్తకో చాప, అల్లుడికో చాప

న్యాదువాల్‌కి కోపం ముక్కు మీదే ఉంటుంది. నీళ్ళ పంపు దగ్గర వరసలో చొరబడ్డ సిపాయిని ఖాళీ డబ్బాతో బాది తరిమిన మనిషిగా బెంతియూ పట్నపు వరదకట్ట మీద తలదాచుకున్న జనంలో ఆమెకో పేరుంది. కూతురు న్యామూచ్‌ను తిడుతుంది, మనవరాలిని తిడుతుంది, వాననూ తిడుతుంది.

అల్లుడు గాచ్‌ను మాత్రం ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అసలు మాట్లాడితే కదా! వాళ్ళ నువేర్ తెగలో పిల్లనిచ్చిన అత్తకు అల్లుడు ఎదురుపడడు. ఆమె ఉండగా ముద్ద నోట పెట్టడు. పెట్టాడంటే వాడికన్నా సిగ్గుమాలినవాడు లేడు. ఆమె వస్తుంటే గాచ్ దారి తప్పుకునేవాడు, ఆమె తల తిప్పుకునేది. వాళ్ళిద్దరి మధ్య ప్రేమంటే అదే. ఊళ్ళో తుపాకులు పేలిన రోజున ఆలుబిడ్డలను రెల్లులో దాచి, అత్త కోసం వెనక్కి పోయింది గాచే. ఆమె టార్పాలిన్ తెప్ప ఎక్కితే, తాడు భుజాన వేసుకుని పీకల్లోతు నీళ్ళలో లాగుకొచ్చాడు. ఒక్కసారి కూడా తిరిగి ఆమె ముఖం చూడలేదు. ఒడ్డెక్కుతుండగా తొడలో తూటా దిగినప్పుడు కూడా తిరగలేదు.

ఆ పుండు మానలేదు. మందుల పాకలో నర్సు ఉన్నమాట చెప్పింది. "మందు నేనిస్తా. కండ పట్టాల్సింది తిండితోనే. తినకపోతే కాలూ దక్కదు, మనిషీ దక్కడు."

తిండి లేక కాదు, అదే కడుపు మండే సంగతి. చుట్టూ నీళ్ళు, ఎండుపుల్ల దొరకదు. అందుకని సాయం చేసే సంస్థవాళ్ళే పెద్ద పాక వేసి జొన్నసంకటి, పప్పు వండి పెడుతున్నారు. మంచి పనే, కాదనం. కానీ పళ్ళెం పాక దాటకూడదు. దాటితే అమ్ముకుంటారట! కుటుంబానికి ఒకే చాప. ఇంటిల్లిపాదీ దాని మీద కూర్చుని అక్కడే తినాలి. న్యాదువాల్, కూతురు, మనవరాలు, గాచ్, అందరిదీ ఆ చాపే.

గాచ్ పళ్ళెం ముందు పెట్టుకుని తల వంచుకుని కూర్చునేవాడు. న్యాదువాల్ వీపు తిప్పి కూర్చుంది. అయినా అతను ముట్టలేదు. చాప దిగి బయటికి పోయి నిలబడింది. కాపలావాడు వెంటబెట్టుకొచ్చి మళ్ళీ కూర్చోబెట్టాడు. చాప మీద మనుషులు నిండకపోతే ఆ చాపకు వడ్డించరట.

"నేను కళ్ళు మూసుకుంటానని చెప్పవే నీ మొగుడికి," అంది కూతురితో, గాచ్‌కు వినబడేలా.

"చెప్పానమ్మా. నువ్వు కళ్ళు మూసుకున్నా తన నోటికి సిగ్గుందంట."

"సిగ్గంట, సిగ్గు! కాలు కుళ్ళిపోతంటే సిగ్గు!"

తిట్టింది గానీ ఆ సిగ్గు చూసి లోలోపల పొంగిపోయింది. అతను తినేసి ఉంటే, పిల్లను ఇలాంటివాడికా ఇచ్చాను అని ఏడ్చేది.

పాక పెత్తనం టోంబె అనే కుర్రాడిది. రాజధాని జూబా నుంచి వచ్చాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడే అయితే తిట్టిపోయడం తేలికయ్యేది. ఒకరోజు వచ్చి చాప ముందు నిలబడ్డాడు.

"ఈయన రోజూ తినకుండానే లేస్తున్నాడు. ఇంకెక్కడో తింటున్నట్టున్నాడు. రేపట్నుంచి ఈయన పళ్ళెం ఆకలున్నవాళ్ళకి ఇస్తాం."

న్యాదువాల్ ఒంటికాలి మీద లేచింది. "ఆకలి లేదా? ఆ డొక్కలు చూడు నాయనా, కళ్ళు కనపడట్లేదా? అత్త ముందు అల్లుడు ఎట్టా తింటాడయ్యా? నీకు పెళ్ళయిందా?"

"అయింది పెద్దమ్మా."

"మీ అత్త ముందు కూర్చుని మింగుతావా?"

టోంబె గొంతు తగ్గించాడు. "అవన్నీ నాకూ తెలుసు. కానీ పైవాళ్ళు పెట్టిన రూలు. కుటుంబానికి ఒకటే చాప."

"నాకు వేరే చాప వెయ్. ఆ మురుగు పక్కనే వెయ్, ఏమీ అనుకోను."

"వేరే చాప ఎవరూ లేనివాళ్ళకే వేస్తాం."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా? ఎక్కడి జొన్నలో పడవలెక్కి వచ్చాయి, ఉడికాయి, పళ్ళెంలో పడ్డాయి. పళ్ళెం దాకా వచ్చిన కూడు నోటిదాకా పోకుండా ఒక చాప అడ్డుకుంది!

గాచ్ గుంజ పట్టుకుని లేవబోయి, కాలు నిలవక కూలబడ్డాడు. న్యాదువాల్ ఆ చప్పుడు వింది.

"అయితే రాసుకో," అంది. "నాకెవరూ లేరు."

"అమ్మా!" అంది న్యామూచ్.

"ఎవరే నీకు అమ్మ? నీళ్ళలో దారి తప్పి మీ ఎనకాల వచ్చా, అంతే. నా బిడ్డలంతా ఎప్పుడో పోయారు."

బతికున్న బిడ్డను ఎదురుగా పెట్టుకుని ఏ తల్లీ అనకూడని మాట అది. అబద్ధమని టోంబెకు తెలుసు. తెలిసీ ఊపిరి పీల్చుకున్నాడు.

"ఈ ముక్క ముందే అంటే సరిపోయేదిగా పెద్దమ్మా! ఇంక ఆ చాప వైపు పోకు. సంగతి బయటపడితే మీ అందరి పళ్ళేలూ పోతాయి."

మర్నాడు పాక చివర, ఎవరూ లేని ముసలివాళ్ళ వరసలో ఆమెకు చాప పడింది. తనవాళ్ళ చాప వైపు వీపు పెట్టి కూర్చుంది. కాసేపటికి పక్క ముసలమ్మ తొంగిచూసి, "తింటన్నాడు. పళ్ళెం నాకేస్తన్నాడు," అని చెప్పింది. న్యాదువాల్ తలాడించింది.

గాచ్ పుండు ఆరడం మొదలయ్యే వేళకు సంస్థ పెద్దలు చూడటానికి వచ్చారు. టోంబె వాళ్ళను ముసలివాళ్ళ వరస దాకా తీసుకొచ్చాడు. "ఈమెకు లోకంలో ఎవరూ లేరు. మనమే చూసుకుంటున్నాం," అన్నాడు. వచ్చినవాళ్ళలో ఒకామె కిందికి వంగి, న్యాదువాల్ చెయ్యి జాలిగా పట్టుకుంది. ఇంకొకతను ఫొటో తీస్తున్నాడు. న్యాదువాల్‌కి ఒళ్ళు మండిపోతోంది. పళ్ళు బిగబట్టుకుంది.

అప్పుడే మనవరాలు సంకటి చేత్తోనే పరిగెత్తుకొచ్చి ఒళ్ళో పడింది. "అమ్మమ్మా, మా దగ్గరికి ఎందుకు రావట్లా? నాన్న ఇయ్యాల కూడా మొత్తం తినేశాడు!"

ఆ మాటలు అర్థంకాక, పాప ఎవరని వచ్చినామె నవ్వుతూ టోంబెను అడిగింది. టోంబె ముఖంలో నెత్తురు చుక్క లేదు. అవతలి చాప మీద గాచ్ చేతిలో ముద్ద ఆగిపోయింది.

న్యాదువాల్ తన మెడ చుట్టూ ఉన్న ఆ చిన్న చేతులను విడదీసింది.

"ఎవరి పిల్లవే నువ్వు? పో, మీవాళ్ళ దగ్గరికి పో."

ఆట అనుకుని పిల్ల కిలకిలా నవ్వింది. మళ్ళీ మెడ పట్టుకోబోయింది. న్యాదువాల్ చెయ్యి విదిలించుకుని, పిల్ల చెంప మీద ఛెళ్ళున కొట్టింది.

పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. వచ్చినామె ముసలిదాని వంక అసహ్యంగా చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.