కందకుర్తి మెట్ల మీద ఒక మధ్యాహ్నం

స్టాఫ్ రూంలో ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే, నేను తల ఎత్తకుండా పిల్లల డ్రాయింగులు దిద్దుకుంటూ కూర్చునే మనిషిని. నమ్మకమూ లేదు, వాదించే ఓపికా లేదు. ఇప్పుడు రాస్తున్నదానికి కూడా నేను అలాంటి పేరేదీ పెట్టను. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

నేను నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. నలభై ఆరేళ్లు. పెళ్లి చేసుకోలేదు. నాకన్నా పన్నెండేళ్లు పెద్దదైన మా అక్క సరోజ, నేను, ఇద్దరమే ఉంటాం. అక్క ముప్పై ఏళ్లు బట్టలు కుట్టి నన్ను చదివించింది. మిషన్ తొక్కుతూ ఆగకుండా మాట్లాడేది. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఆమె ముచ్చట్ల కోసం ఇంకో అరగంట కూర్చునేవాళ్లు.

ఒక దసరా ముందు అక్కకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. కాలు మెల్లగా కుదుటపడి, పట్టుకుంటే నడవగలిగేది. మాట మాత్రం రాలేదు. మనం చెప్పింది అర్థమయ్యేది. తను చెప్పాలంటే గొంతులోంచి "ఆ... ఆ" అన్న చప్పుడు తప్ప ఏమీ వచ్చేది కాదు. నేను చెప్పబోయే రోజుకి అట్లా పద్నాలుగు నెలలు.

తెల్లవారుజామున లేచి వంట, అక్కకు స్నానం, మందులు, స్కూలు, సాయంత్రం ఆమె చేతికి వ్యాయామం, మళ్లీ వంట. మొదట్లో ఏడ్చేదాన్ని. తర్వాత ఏడుపు కూడా పోయింది, అలసట ఒక్కటే మిగిలింది. సిటీ బస్సులో రాడ్డు పట్టుకుని నిలబడే నిద్రపోయేదాన్ని.

ఆ ఏడాది మా స్కూల్లో జిల్లాలోని పాత కట్టడాల బొమ్మలు వరండాలో పెట్టాలనుకున్నారు. గీసే పని నాది. నిజామాబాద్ ఖిల్లా, డిచ్‌పల్లి రామాలయం గీసేశాను. కందకుర్తి మిగిలింది. మంజీర, హరిద్ర వచ్చి గోదావరిలో కలిసే చోటు అది. నది మధ్యలో పాత రాతి శివాలయం ఉంటుంది. ఫోటో చూసి గీయొచ్చని హెడ్‌మాస్టర్ అన్నారు. కానీ నాకు ఒక్క పూట ఇంటి బయట కూర్చుని, నీళ్లు చూస్తూ గీసుకోవాలనిపించింది.

అక్కను చూసుకునే ఎల్లవ్వ ఆ ఆదివారం పెళ్లికని సిరికొండ పోయింది. వేరే దారి లేక అక్కను కూడా తీసుకుని బయల్దేరాను. బోధన్ దాకా బస్సు, అక్కడ ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవర్ పేరు లింబాద్రి, యాభై ఏళ్లుంటాయి. అక్క సంగతి నేను అతనికి చెప్పలేదు. ఆమె చెయ్యి చూసి అతనూ అడగలేదు, ఎక్కేటప్పుడు సాయం పట్టాడు.

కార్తీకం అయిపోయింది కాబట్టి రద్దీ లేదు. కింది మెట్ల దగ్గర అవతలి ఒడ్డు నుంచి వచ్చిన ఒక కుటుంబం మరాఠీలో మాట్లాడుకుంటూ స్నానాలు చేస్తోంది. పోచంపాడు డ్యాం వల్ల వెనక్కి నిలిచిన నీళ్లు ఇంకా తగ్గలేదు. గుడి పైభాగం, నాలుగు స్తంభాల తలలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి.

అక్కను నా వెనక రెండు మెట్లు పైన, గోడకు ఆనించి కూర్చోబెట్టి శాలువా కప్పాను. లింబాద్రి ఆమెకు కొంచెం దూరంలో బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు. నేను అట్ట మీద కాగితం పెట్టుకుని గీయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం పన్నెండు దాటింది.

కొంతసేపటికి వెనకనుంచి అక్క అంది, "మూడు నదులంటరు గని, నీళ్ల రంగులు రెండే కనవడుతున్నయి."

"ఊఁ," అన్నాను.

గుడి కుడివైపుకి ఒరిగినట్టు గీస్తున్నానంది. చూస్తే నిజమే, దిద్దుకున్నాను. తర్వాత మిషన్ మీద కూర్చున్నప్పటిలాగే ఏవేవో చెప్పింది. స్నానం చేస్తున్న మరాఠీ ఆవిడ రవికె భుజం దగ్గర తప్పు కుట్టారంది. నేను మధ్యమధ్యలో ఊఁ కొడుతూనే ఉన్నాను.

"గుడి ముంగట నంది ఉన్నది. దాని ఎడమ చెవి ఇరిగిపోయింది. అది గూడ గియ్యి," అంది.

"నీళ్లల్ల ఉన్నది నేనెట్ల గీస్త అక్కా?" అన్నాను, తల తిప్పకుండానే.

"నీకు నిద్ర సాల్తలేదే. కండ్లు లోపలికి పోయినయి. నా కోసం గింతగనం కష్టపడకు," అంది.

ఆ మాటకు నాకు చిరాకు వచ్చింది. స్తంభం మీది చెక్కడం పట్టు దొరికీ దొరకకుండా ఉంది, వెలుగు మారిపోతోంది. "జెర సేపు ఊకో అక్కా," అన్నాను.

ఊకుంది. నేను ఇంకో ముప్పావుగంట గీసుకున్నాను. బొమ్మ బాగా వచ్చింది.

తిరుగు దారిలో రెంజల్ దాటాక రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆటో మెల్లగా పోతోంది. లింబాద్రి అద్దంలో చూస్తూ, "మీ అక్క మస్తు ముచ్చట్లు చెప్తది మేడం. మా అవ్వ యాదికొచ్చింది," అన్నాడు.

"ఆమె ఎప్పుడూ అంతే" అనబోయాను. అప్పుడు తట్టింది, అక్కకు మాట లేదు కదా అని.

ఆటో ఆపమన్నాను. అక్క ఏం మాట్లాడిందో చెప్పమని లింబాద్రిని అడిగాను. అతను వింతగా చూసి, నదుల రంగు, రవికె భుజం, నంది చెవి, నా నిద్ర అన్నీ చెప్పాడు. "నన్ను గూడ 'తమ్మీ, జెర నీళ్లియ్యి' అని అడిగింది. సీసా ఇచ్చిన. నా ముంగటనే గద మాట్లాడింది," అన్నాడు. ఆ నీళ్ల సంగతి నాకు తెలియదు.

అక్క పక్కనే కూర్చుని వడ్ల కుప్పల్ని చూస్తోంది. భుజం పట్టుకుని కదిపాను. "అక్కా, మాట్లాడు. ఏదన్న ఒక్కటి చెప్పు," అన్నాను. నా మొహంలోకి చూసింది. "ఆ... ఆ" అంది.

ఇంటికి వచ్చాక ఆ రాత్రంతా బతిమాలాను. ఏమీ లేదు. వారం తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఇలాంటి మనుషుల నోటివెంట ఒక్కోసారి తిట్టో, పాట ముక్కో, అలవాటైన మాటో వస్తుందట. కానీ అంతసేపు తెలివిగా, వరసగా మాట్లాడి మళ్లీ పోవడం ఆయన ఎన్నడూ చూడలేదన్నారు. నేను బాగా అలసిపోయి ఉన్నానని, కొన్నాళ్లు సెలవు పెట్టమని చెప్పారు. ఆ మాట నిజమే.

మే నెలలో నీళ్లు తగ్గాక ఒక్కదాన్నే మళ్లీ కందకుర్తి పోయాను. గుడి దాకా ఇసుకలో నడిచి పోవచ్చు. ముందు నంది ఉంది. ఎడమ చెవి లేదు. విరిగిన చోటు నునుపుదేలి, నాచు ఎండిపోయి ఉంది. ఎప్పుడో విరిగినది. అక్క అంతకుముందు ఆ ఊరు పోయిందా అని చుట్టాలందరినీ అడిగాను. మా అమ్మ అస్థికలు కూడా మేము బాసరలోనే కలిపాం. అక్క కందకుర్తి పోయినట్టు ఎవరికీ గుర్తు లేదు.

అలసటలో నేనే ఊహించుకున్నాననుకుందామంటే, లింబాద్రి కూడా విన్నాడు. అక్కకు కాసేపు మాట తిరిగి వచ్చిందంటే, నీళ్లలో ఉన్న చెవి సంగతి ఆమెకు ఎట్లా తెలిసిందో చెప్పలేను. ఎన్నిసార్లు ఆలోచించినా ఇక్కడికే వచ్చి ఆగిపోతాను.

కానీ నన్ను ఎక్కువగా కాల్చేది అది కాదు. పద్నాలుగు నెలల తర్వాత మా అక్క నాతో మాట్లాడింది, నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఒకసారి ఆమెనే అడిగాను, ఆ రోజు మాట్లాడినవా అని. ఆమె ఎడమ చేత్తో నా చెంప మీది జుట్టు చెవి వెనక్కి సర్దింది. అది అవునో కాదో నాకు తెలియలేదు.

ఇప్పుడు ఇంట్లో టీవీ పెట్టడం మానేశాను. మిక్సీ వేయాలన్నా ఆమె పడుకున్నాకే వేస్తాను. సాయంత్రం కూరగాయలు వంటింట్లో తరగను. పీట, కత్తి తెచ్చుకుని అక్క మంచం ఎదురుగా, మొహం ఆమె వైపు పెట్టుకుని కూర్చుంటాను.