బంతి కనిపించని టేపు

మా అంకుల్ పోయారని డార్విన్‌లో వాన దంచుతున్న ఒక ఉదయం తెలిసింది. రేకుల మీద ఆ చప్పుడుకు ఆయన కూతురు ఫోనులో చెబుతున్నది రెండుసార్లు అడగాల్సి వచ్చింది. "మై అబ్బా పాస్డ్ అవే, అంకుల్. జనాజా టుమారో, వెర్రిబీలో. మీరు రాగలరా?" ఎప్పుడూ ఇంగ్లీషులోనే బదులిచ్చే పిల్ల, ఆ చివరి ముక్క మాత్రం తెలుగులో అడిగింది. వస్తానన్నాను. ఏడుపు రాలేదు, అలసట వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా ఒక మనిషిని లోపల తిట్టుకుంటూనే ప్రేమించడం తేలిక పనేమీ కాదు.

అంకుల్ మాకు చుట్టం కాదు. ఆయనది కర్నూలు, మాది అనంతపురం. మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో పక్కపక్క వీధులు, నగరంలో ఒకే ఆఫీసు. 1999లో ఒక బీమా కంపెనీ, 2000 రాగానే కంప్యూటర్లు లెక్క తప్పకుండా, తన పాత ప్రోగ్రాముల్లో రెండంకెలుగా ఉన్న సంవత్సరాలను నాలుగంకెలు చేయడానికి మమ్మల్ని కాంట్రాక్టు మీద తీసుకుంది. ఆయన టీమ్ లీడ్, ఆయన కింద మేం ఐదుగురం. పొద్దున రైల్లో ఎదురెదురు కూర్చుని వెళ్లేవాళ్లం. ఆంటీ కట్టిచ్చిన ఉగ్గాని డబ్బాలో సగం నాదే. నేను తినడం మొదలుపెడితే తప్ప ఆయన చెంచా ముట్టేవారు కాదు.

ఆయనకొక వింత పిచ్చి ఉండేది. అంతకు ముందు రెండేళ్లు అమెరికాలో పనిచేసినప్పుడు, హోటల్ గదిలో టీవీ చూసి చూసి, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అక్కడి ఫుట్‌బాల్ ఒంటబట్టించుకున్నారు. మా పేటలో ఆ ఆట ఆడే చిన్న క్లబ్బు ఒకటి ఉండేది. లారీ డ్రైవర్లు, ప్లంబర్లు, తాపీ పనివాళ్లు. ఆస్ట్రేలియా మొత్తం తన ఫుట్‌బాల్ తాను చూసుకుంటుంటే, వీళ్లు భుజాలకు కవచాలు తొడుక్కుని శనివారాలు కుమ్ముకునేవాళ్లు. ఒకరోజు అంకుల్ కంచె అవతల నిలబడి ఏదో తప్పు ఎత్తిచూపారట. కోచ్ ఆయన్ను లోపలికి పిలిచి చేతిలో వీడియో కెమెరా పెట్టాడు.

మొదటి టేపు చూడ్డానికి క్లబ్బంతా మాంసం కాల్చుకు తినే బార్బీ పెట్టుకుని కూర్చుంది. నేనూ వెళ్లాను. గంటన్నర టేపులో బంతి ఎక్కడా లేదు. ముందు వరసలో వంగి నిలబడే ఐదుగురి వీపులు, కాళ్లు, అంతే. బంతితో గీత దాటి మ్యాచ్ గెలిపించిన ఆఖరి పరుగు కూడా లేదు. పాపం, ఆ పరుగు తీసినవాడు వాళ్లమ్మను వెంటబెట్టుకొచ్చాడు. "టచ్‌డౌన్ ఎక్కడ, మేట్?" అని అడిగితే, అంకుల్ తన నిదానం ఇంగ్లీషులో, "అది మీరంతా చూశారు కదా. వీళ్లను ఎవరూ చూడలేదు" అన్నారు.

ఆ ఐదుగురిని అఫెన్సివ్ లైన్ అంటారు. బంతి విసిరేవాడి మీదికి ఎదుటి జట్టు విరుచుకుపడకుండా అడ్డు నిలబడటమే వాళ్ల పని. బంతి వాళ్ల చేతికి రాదు, పేరూ రాదు. "ఈయప్పలు సరిగ్గా చేస్తే ఏమీ జరగదు. మన పనీ అంతే గదప్పా" అనేవారు.

అన్నట్టే, 2000 జనవరి ఒకటిన ఆఫీసుకు వెళ్లి పొద్దుటి నుంచి తెరలకేసి చూస్తూ కూర్చున్నాం. ఏమీ జరగలేదు. ఏమీ జరగనిదానికి ఇంతమంది ఎందుకని పైవాళ్లకు అనుమానం వచ్చింది. నెల తిరక్కుండానే, ఐదుగురిలో ఇద్దరినే ఉంచుతాం, ఎవరినో రాసివ్వమని అంకుల్‌ను అడిగారు.

అదే నెలలో కోచ్ కూడా ఆయన్నే అడిగాడు, వచ్చే ఏటికి లైన్ నిలబడుతుందా, ఎవరిని ఉంచాలి అని. ఆదివారాలు ఆయన ముందుగదిలో టేపులు తిరిగేవి. రిమోట్ నా చేతిలో. ఒక్కో మ్యాచ్ ఐదుసార్లు, ఒక్కోసారికి ఒక్క మనిషే. "చేతులు అబద్ధమాడతాయి, కాళ్లు చూడు" అనేవారు. కుడిచివర ఆడేది ఒక భారీ మనిషి. తాపీ పని. క్లబ్బులో అంకుల్‌కు అందరికన్నా దగ్గరివాడు. అతని వంతు మాత్రం ఐదుసార్లు చూశాక ఆరోసారి పెట్టమన్నారు. అదీ అయ్యాక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"బలముందప్పా ఈయనకి. అయితే పని సగంలో ఉండంగానే తల తిప్పి వెనక్కి చూస్తాండాడు, బంతి ఏమాయనో అని. ఆ రవ్వంత చాలు, ఎదుటోడు దూరేదానికి."

అలాగే రాసిచ్చారు. మిగతా నలుగురు ఇంకో మూడేళ్లు నిలబడతారనీ రాశారు. అతన్ని తీసేశారు. ఆ తీర్పు నాకు భలే నచ్చింది. మనదాకా రానంతవరకు ఎవరి న్యాయమైనా ముచ్చటగానే ఉంటుంది.

వారం తర్వాత, సాయంత్రం రైల్లో చెప్పారు. "నీ పేరు రాయలేదప్పా."

ఉద్యోగం పోతే వీసా పోతుంది. మా ఆవిడకు ఐదో నెల. ఎందుకని అడిగాను.

"పని బాగా వచ్చు నీకు. కానీ నువ్వూ తల తిప్పుతావు. చేసేది సగంలో పెట్టి, మేనేజరు ఎవర్ని మెచ్చుకుంటాండాడా అని చూస్తావు." డార్విన్ ఆసుపత్రిలో తెలిసినాయన ఉన్నాడని, నంబరు రాసిస్తానని కూడా అన్నారు.

"మీ నంబరు మీ దగ్గరే పెట్టుకోండి" అని రెండు స్టేషన్ల ముందే దిగిపోయి, అక్కడి వేసవిలో సాయంత్రమైనా దిగని ఎండలో నడిచి ఇల్లు చేరాను. మర్నాడు మా ఆవిడ వెళ్లి ఆ నంబరు తెచ్చుకుంది. "కోపం మీది, కడుపు నాది" అంది. ఈనాటికీ మేం తింటున్నది ఆ నంబరు పెట్టిన అన్నమే.

రెండేళ్లు ఆయనతో నా అంతట నేను మాట్లాడలేదు. పండగలకు ఆయనే ఫోను చేసేవారు. "ఎట్లుండావప్పా? వానలు పడినాయా?" పడ్డాయని చెప్పి ఊరుకునేవాణ్ణి. ఆసుపత్రి కంప్యూటర్లు ఆగిపోకుండా చూడటం నా పని. అవి ఆగనంతకాలం నేనొకణ్ణి ఉన్నానని ఎవరికీ తెలియదు. మొదట్లో అది అవమానంగా ఉండేది. ఎప్పుడు పోయిందో తెలియకుండానే పోయింది. ఆ తర్వాతే ఆయనతో నాలుగు మాటలు కలిశాయి.

పోయిన ఏడాది చూడ్డానికి వెళ్లాను. కాళ్లు వాచిపోయి కుర్చీలో ఉన్నారు. టీ తాగాక, ఇన్నాళ్లూ గొంతులో పెట్టుకున్నది అడిగేశాను. "అంకుల్, ఆ రోజు నా గురించి మీరు అనుకున్నది నిజమేనా?"

ఆయన ఖాళీ కప్పు పక్కన పెట్టారు. "ఆ తాపీ ఆయప్పను ఆరుసార్లు చూసినా. నిన్ను ఒక్కసారే చూసి రాసేసినా. తప్పో ఒప్పో నాకూ తెల్దు. మళ్లా చూసేదానికి నీకు టేపు లేకపాయె."

ఇరవై ఏళ్లు ఆ మాట కోసమే కాచుకున్నాను. విన్నాక గెలిచినట్టేమీ అనిపించలేదు. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ కోపం లేకుండా ఆయన్ను చూడటం అదే మొదటిసారి, అదే ఆఖరుసారి కూడా అయింది.

ఖబరస్తాన్‌లో జనాజాను కారు దగ్గర్నుంచి భుజాల మీద మోశాం. ముందువైపు ఒక కొమ్ము నేను పట్టుకున్నాను. రెండో కొమ్ముకు నెరిసిన గడ్డంతో ఒక భారీ మనిషి వచ్చాడు. వెంటనే గుర్తుపట్టాను.

"నన్ను తీసేసిన మనిషి" అన్నాడు తన ఇంగ్లీషులో, మెల్లగా.

"నన్ను కూడా" అన్నాను.

అతని భుజానికీ నా భుజానికీ జానెడు తేడా. ఎత్తగానే జనాజా నావైపు ఒరిగింది. అతను ఒకసారి నాకేసి చూసి, మోకాళ్లు వంచి నా ఎత్తుకు దిగాడు. అరవై దాటిన మనిషి, సమాధి దాకా అలా వంగే నడిచాడు.