సచ్చేదాకా పోని రంగు

మొన్న ఒక దుకాణంలో కొత్త జంపఖానా విప్పగానే రంగు నూలు వాసన వచ్చింది. జంపఖానాలు నేసే మా కొత్తవాడలో చిన్ననాటి హోళీ గుర్తొచ్చింది.

1940ల్లో ఒక ఏడాది, ఊళ్లో అల్లర్లతో గడబిడగా ఉందని పెద్దవాళ్లు పండుగ వద్దన్నారు. నేనూ తమ్ముడూ గడప దగ్గర కూర్చుని ఏడుస్తుంటే నాయనమ్మకు మనసాగలేదు. నూలుకు అద్దగా మిగిలిన ఎర్రరంగు నీళ్లు గిన్నెలో పోసి పెరట్లో పెట్టింది.

"జర నిమ్మళంగ ఆడుకోండ్రి. లొల్లి బయటికి ఇనపడొద్దు" అంది.

మేం నోరు మూసుకునే ఒకరినొకరు తడుపుకున్నాం. పెరట్లో కట్టేసి ఉన్న మేకను కూడా వదల్లేదు.

సాయంత్రం కుంకుడురసంతో ఎంత రుద్దినా రంగు పోలేదు. జంపఖానాలు నేసే మా బాపు, కొనడానికి వచ్చే గిరాకీలతో రోజూ అనే మాట అప్పుడు గుర్తొచ్చింది: "మా రంగు సచ్చేదాక పోదు."

నేను గొల్లుమన్నాను. "నాయినమ్మా, నేను సచ్చేదాక గిట్లనే ఉంటనా?"

"ఫికర్ చెయ్యకు బిడ్డా, నీకు తోడు నేనుంట" అంటూ నాయనమ్మ గిన్నెలో వేళ్లు ముంచి తన రెండు చెంపలకూ రాసుకుంది.

మగ్గం దిగి వచ్చిన బాపు మా ముగ్గురినీ, మేకనూ చూసి, మళ్లీ వెళ్లి మగ్గం ఎక్కాడు.

పది రోజులకు రంగు పోయింది. తాత పోయాక నాయనమ్మ ఒంటికి రంగు పూసుకోవడం అదే మొదటిసారని, వాడకట్టు ఆడవాళ్లు ఎన్ని అన్నా ఆమె ముఖం దాచుకోలేదని పెద్దయ్యాక అమ్మ చెప్పింది. ఆనాడు మాత్రం, నాకంటే ఆమెకే రంగు బాగా పట్టిందని నేను కుళ్లుకున్నాను.