వెట్ సాక్స్ సొసైటీకి పట్టిన రాహువు

ఒక అమెరికన్ పాప్ పంక్ బ్యాండు పైకి రాకుండా ఒంటిచేత్తో ఆపిన గుంటూరు జిల్లావాడు ఎవడైనా ఉన్నాడంటే, అది నేనే. ఇది జరిగి తొమ్మిదేళ్లయింది. ఇప్పటికీ ఆదివారం సాయంత్రం ఐదయ్యేసరికి నా మీద నాకే ఒళ్లు మండుకొస్తుంది. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోండి. మా ఇంట్లో ఎలాగూ నవ్వుతూనే ఉన్నారు.

అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్లో మా అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ర్యాన్ ఉండేవాడు. పగలంతా ఇన్సూరెన్స్ ఆఫీసులో ఫోన్ పట్టుకుని కస్టమర్ల చేత తిట్లు తినేవాడు. ఆ తిట్లన్నీ సాయంత్రం గిటార్ పట్టుకుని తిరిగి లోకానికి అప్పజెప్పేవాడు. డ్రమ్స్ బెకీ, బేస్ గిటార్ ఆమె తమ్ముడు టామ్. ఈ ముగ్గురి బ్యాండు పేరు వెట్ సాక్స్ సొసైటీ, అంటే తడి మేజోళ్ల సంఘం. ఆ పేరు ఇండియాకి ఫోన్‌లో చెప్పలేక, నేను ఏదో సంగీత సభకి సాయం చేస్తున్నానని చెప్పుకునేవాణ్ణి.

పాప్ పంక్ తెలియనివారికి ఒక ముక్క. పాట మూడు నిమిషాలకి మించదు. గిటార్ గట్టిగా ఉంటుంది, డ్రమ్స్ అంతకంటే గట్టిగా ఉంటాయి, వదిలేసి వెళ్లిన అమ్మాయి గురించి ముగ్గురూ కలిసి హుషారుగా ఏడుస్తారు. వీళ్లది ఇండిపెండెంట్ బ్యాండు కూడా. వినడానికి గొప్పగా ఉంటుంది గాని, వెనకాల ఏ కంపెనీ లేదని దాని అర్థం. పాటలు వాళ్లే రికార్డు చేసుకోవాలి, టీషర్టులు వాళ్లే అచ్చేసి బాత్‌టబ్ మీద ఆరేసుకోవాలి, ఫైర్ స్టేషన్ హాల్లో ఇరవై మంది ముందు వాయించి, కుర్చీలు కూడా వాళ్లే మడిచి రావాలి.

ఇందులో నేనెలా దూరానంటే, మా ఆవిడ సునీత తరఫు చుట్టాలు వస్తున్నారని కొన్న ఏడు సీట్ల వ్యాన్ వల్ల. చుట్టాలు వెళ్లిపోయారు, వ్యాన్ మిగిలింది. డ్రమ్స్ పట్టే వ్యాన్ ఉన్నవాడు, వచ్చిన మెయిల్‌కి అదే రోజు జవాబిచ్చేవాడు దొరికితే ఇలాంటి బ్యాండ్లు వదలవు. ఆరు నెలల్లో నేను వాళ్ల మేనేజర్ని అయిపోయాను. హెచ్‌వన్‌బీ వీసా మీద వేరే జీతం పుచ్చుకోకూడదు కాబట్టి, పూర్తిగా ఉచిత మేనేజర్ని.

ఆ వేసవిలో ఒక మెయిల్ వచ్చింది. దేశమంతా టూర్ వెళ్తున్న ఓ పెద్ద బ్యాండుకి, ప్రతి ఊళ్లో తమకంటే ముందు స్టేజీ ఎక్కడానికి ఒక చిన్న బ్యాండు కావాలట. ఆ టూర్ చూసుకునే గ్రెగ్ అనే ఆయన, జూలైలో సముద్రం పక్క పార్కులో జరిగే షోలో మావాళ్లని స్వయంగా విని తేలుస్తానన్నాడు. నలభై ఊళ్లు, వేలమంది జనం. ఆ సాయంత్రమే ర్యాన్ కిందికి దిగి వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు.

"నాకు ముప్ఫై మూడొచ్చాయి. ఇది రాకపోతే గిటార్ని బేస్‌మెంట్‌లో పడేసి ఇన్సూరెన్స్ ఉద్యోగమే చేసుకుంటా. నిజంగానే చెప్తున్నా" అన్నాడు.

"ఎందుకు రాదు? నేనున్నాను కదా" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అతను వెళ్లాక షో షెడ్యూల్ తెరిచి చూశాను. మావాళ్ల స్లాట్ ఆదివారం సాయంత్రం ఐదు గంటలకి. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం అని మా నాన్నమ్మ నాకు ఎక్కాల కంటే ముందు నేర్పించింది. మామూలు షో అయితే చూసీచూడనట్టు ఊరుకునేవాణ్ణి. ర్యాన్ జీవితం తేలిపోయే షోని రాహుకాలంలో ఎలా మొదలుపెట్టనిస్తాను? వెంటనే ఆ షో నడిపే లిండాకి ఫోన్ చేశాను.

"మా స్లాట్ మార్చాలి" అన్నాను.

"ఎందుకు?"

రాహువు ఎవరో, దేవతల పంక్తిలో దొంగగా కూర్చుని అమృతం ఎలా తాగాడో చెప్పుకొచ్చాను. తల తెగిన దగ్గర ఆమె ఆపింది.

"ఒక్క నిమిషం. ఇది మతపరమైన కారణమా?"

అమెరికాలో ఆ రెండు మాటలకి ఎంత బలముందో నాకప్పటికి తెలియదు. అవునన్నాను.

"ముందే చెప్పొచ్చుగా. మేం అందరి నమ్మకాలనీ గౌరవిస్తాం" అంది. రెండు నిమిషాల్లో మాకు ఏడు గంటల స్లాట్ ఇచ్చి, ఏడు గంటలకున్న మండే డెంటిస్ట్, అంటే సోమవారం పళ్ల డాక్టరు, అనే కాలేజీ పిల్లల బ్యాండుని ఐదుకి తోసింది.

మావాళ్లకి మాత్రం టైమ్ నిర్వాహకులే మార్చారని అబద్ధం చెప్పాను. గ్రెగ్‌కి మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క అనేది మా ఆఫీసు పద్ధతి. ఆ పద్ధతి మీద ఎన్ని ప్రాజెక్టులు మునిగాయో అప్పుడు గుర్తు రాలేదు.

ఆదివారం నాలుగూ ముప్పావుకి నేనూ ర్యాన్ వ్యాన్‌లోంచి డ్రమ్స్ దింపుతుంటే, కాఫీ కప్పుతో గ్రెగ్ వచ్చాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటి? ఐదుకే కదా మీరు?"

"ఏడుకి. మెయిల్ పెట్టాను కదండీ" అన్నాను.

"టూర్ పనిలో ఉంటే మెయిల్ చూడను. ఆరుకల్లా బయల్దేరాలి, నెవార్క్‌లో ఫ్లైట్ ఉంది."

ర్యాన్ నా చెయ్యి పట్టుకుని లిండా టెంట్ దాకా లాక్కుపోయాడు.

"మమ్మల్ని మళ్లీ ఐదుకి మార్చండి, ప్లీజ్" అన్నాడు.

"కుదరదు. అది ఆయన మతానికి విరుద్ధం" అంది లిండా, నన్ను చూపిస్తూ.

"మతమా?" ర్యాన్ నావైపు తిరిగాడు. "ఏ మతం?"

నేను మధ్యలో కల్పించుకున్నాను. "పర్లేదు లిండా. ఐదుకి వాయించినా నాకు అభ్యంతరం లేదు."

లిండా కుర్చీలోంచి లేచి, నా పక్కకొచ్చి గొంతు తగ్గించింది. "మీ మీద వీళ్లు ఒత్తిడి తెస్తున్నారా?"

"అయ్యో, లేదండీ. నా ఇష్టంతోనే చెప్తున్నా."

"ఒత్తిడిలో ఉన్నవాళ్లందరూ అలాగే అంటారు. మీరు భయపడకండి. మీ నమ్మకాన్ని ఇక్కడ ఎవరూ ముట్టుకోలేరు."

"మా దేవుళ్లు ఏమీ అనుకోరండీ, నాది హామీ."

"అలాంటి నిర్ణయాలు ఒత్తిడిలో తీసుకోకూడదు" అని చెప్పి, ర్యాన్ వైపు గుర్రుగా చూసింది. "మీ మేనేజర్ విశ్వాసాల్ని మీరు గౌరవించడం నేర్చుకోవాలి."

"అవేంటో ఇప్పుడే తెలిసిందండీ నాకు" అన్నాడు ర్యాన్ నీరసంగా.

ఐదింటికి మండే డెంటిస్ట్ పిల్లలు స్టేజీ ఎక్కారు. బాగా వాయించారు, పాడుపిల్లలు. గ్రెగ్ మొదటి పాటకి తలూపాడు, మూడో పాటకి కాలు ఆడించాడు. ఆరు కావస్తుంటే వాళ్ల దగ్గరికెళ్లి తన కార్డిచ్చి, మాకు దూరం నుంచే చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. నేను డ్రమ్స్ పెట్టె మీద కూలబడ్డాను. లేవడానికి సిగ్గేసింది.

ఏడింటికి మావాళ్లు ఎక్కారు. రెండో పాట మధ్యలో సముద్రం వైపు ఆకాశం నల్లబడింది. మెరుపు మెరిసింది. అందరూ వెంటనే కార్లలోకి వెళ్లిపోవాలని మైకులో చెప్పారు. ఆ రోజుకి అదే మా ఆఖరి పాట. ఆ వానలోనే వ్యాన్ నడుపుకుంటూ తిరుగుముఖం పట్టాను.

"ఏడు మంచి టైమని నువ్వే మార్పించావంట కదా?" అంది బెకీ వెనక సీట్లోంచి.

"అవును."

"దేనికి మంచిది?"

నేను వైపర్ల వేగం పెంచాను.

ఇంటికి వచ్చి సునీతకి మొత్తం చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను.

"నాలుగున్నర మనూర్ల లెక్క" అంది సునీత. ఆమెది కరీంనగర్. "పగటిని ఎనిమిది భాగాలు చేస్తే ఆదివారం ఆఖరి భాగం రాహుకాలం. ఈడ జూలైల పొద్దు ఎనిమిదిన్నరకు గదా గుంకేది? గుడి క్యాలెండర్ల ఈడి టైమే రాసిండ్రు. ఫ్రిజ్ మీదనే ఉంది, చూస్కోలేదా?"

వెళ్లి చూశాను. పిజ్జా కూపన్ కింద దాక్కుని ఉంది. ఆదివారం, ఆరూ నలభై నుంచి ఎనిమిదిన్నర. అంటే, నిక్షేపంలాంటి ఐదు గంటల్లోంచి వాళ్లని బలవంతంగా పీకి తెచ్చి, సరిగ్గా రాహువు నోట్లో పెట్టాను.

"ఇంతకూ ఆఫీసుల నువ్వు చేసే పనేంది?" అంది సునీత, తెలిసి కూడా.

"టెస్టింగ్."

"ఏం టెస్టింగ్?"

"ఏ దేశంలో తెరిచినా టైమ్ కరెక్టుగా చూపిస్తుందా లేదా అని."

ఆమె నవ్వు ఆపుకోలేక వంటింట్లోనే కింద కూర్చుండిపోయింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మర్నాడు పైకెళ్లి, అబద్ధంతో సహా అంతా ర్యాన్‌కి చెప్పేశాను. క్యాలెండర్ కూడా చూపించాను. అతను ఆదివారం గడి మీద వేలు పెట్టాడు.

"అంటే ఈ రాహు ఐదుకి రాలేదా?"

"లేదు."

"ఏడుకి వచ్చాడా?"

"ఆ."

"అయితే మన షోకి వచ్చిన వీఐపీ ఆయనొక్కడేనన్నమాట" అన్నాడు. ముందు అతనే నవ్వాడు. గిటార్ బేస్‌మెంట్‌కి వెళ్లలేదు. నన్ను మేనేజర్‌గా తీసెయ్యలేదు కూడా. వ్యాన్ నాదే కదా.

ఇప్పుడు మండే డెంటిస్ట్ పాటలు సూపర్‌మార్కెట్‌లో వినిపిస్తుంటాయి. ఉల్లిపాయలు ఏరుకుంటూ నేను తల వంచుకుంటాను. మావాళ్లు ఇంకా ఫైర్ స్టేషన్ హాల్లోనే ఉన్నారు. జనం మాత్రం ఇరవై నుంచి ఎనభైకి పెరిగారు.

పోయిన నెల పిస్కాటవే అనే ఊళ్లో ఒక కాలేజీ రేడియోకి వాళ్లని తీసుకెళ్లాను. నేను అద్దం ఇవతల కూర్చున్నాను. ఇంటర్వ్యూ చేసే అమ్మాయి చాలా భక్తిగా అడిగింది.

"ఇన్నేళ్లుగా ఏ కంపెనీకీ, ఏ పెద్ద టూర్‌కీ లొంగకుండా ఇండిపెండెంట్‌గానే ఉండిపోయారు. ఎందుకని?"

ర్యాన్ అద్దంలోంచి నావైపు ఓసారి చూశాడు.

"మతపరమైన కారణాల వల్ల" అన్నాడు.

ఆ అమ్మాయి గౌరవంగా తలూపి, ఇంకేమీ అడగలేదు.

అందుచేత ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట తడి మేజోళ్లవారిది గాని, పొడి మేజోళ్లవారిది గాని, ఏ బ్యాండు ప్రోగ్రామునీ రాహుకాలం పేరు చెప్పి అంగుళం కూడా కదపను. నిజానికి ఈ ప్రమాణం నిన్ననే చేద్దామని కూర్చున్నాను. అప్పుడు వర్జ్యం నడుస్తోంది. ఈసారి పార్సిప్పనీ టైమే చూశాను.